కొరలైన్ చూశాక మా పాప గుండీల దిండు బీరువాలో దాచేసింది. లైకా వాళ్ళ మిగతా సినిమాలు చూపించవచ్చా?

సన్నజాజి_గుంటూరు

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. మా పాపకి ఎనిమిదేళ్ళు నిండాయి. పోయిన శనివారం నేను ఆఫీసు పని ఇంట్లోనే చేసుకుంటున్నాను, ఏదైనా బొమ్మల సినిమా పెట్టుకో అమ్మా అన్నాను, తను కొరలైన్ పెట్టుకుంది. నీలం జుట్టు పిల్ల, పసుపు రెయిన్‌కోటు, నల్ల పిల్లి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది కదా అని నేనూ పట్టించుకోలేదు. ముప్పావు గంట అయ్యాక నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఏంటమ్మా అంటే ఏం లేదు అంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళి మిగతాది చూసింది. ఆ రాత్రి మా అత్తయ్యగారు కుట్టిచ్చిన దిండుని, దానికి నాలుగు మూలలా పెద్ద పెద్ద గుండీలు ఉంటాయి, తీసుకెళ్ళి బీరువా అడుగు అరలో పెట్టి తలుపు వేసేసింది. నాలుగు రోజులైంది, బయటికి తియ్యనివ్వడం లేదు.

తర్వాత నేనూ కూర్చుని చూశాను. చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను. కొత్త ఇంటికి వచ్చిన ఒక పిల్ల, పని గొడవలో మునిగిపోయిన అమ్మానాన్నలు, గోడలో ఒక చిన్న తలుపు. ఆ తలుపు అవతల అచ్చం ఇలాంటి ఇల్లే ఉంటుంది, ఇంకో అమ్మ ఉంటుంది, వేడివేడిగా వండి పెడుతుంది, నవ్వుతుంది, ఆడిస్తుంది. కానీ ఆమెకి కళ్ళ బదులు నల్ల గుండీలు. ఇక్కడే ఉండిపోవాలంటే నీ కళ్ళకీ గుండీలు కుట్టించుకోవాలి అని సూది, దారం పెట్టెలో పెట్టి పిల్ల ముందుకి తోస్తుంది. నాకే గుండె జారిపోయింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సినిమాలో అసలు అమ్మ ఎప్పుడూ కంప్యూటర్ ముందే కూర్చుని ఉంటుంది. ఆ రోజు నేనూ అలాగే కూర్చుని ఉన్నాను.

ఈ లైకా అనే స్టూడియో అన్నీ ఇలాంటివే తీస్తుందా? ఇవి నిజంగా పిల్లల కోసమేనా? మీ ఇళ్ళల్లో ఎవరైనా చూపించారా?

మైనంముద్ద

సన్నజాజి గారూ, ముందు టెన్షన్ పడకండి. మీ పాప గదిలోకి వచ్చి కూర్చుని మళ్ళీ తనంతట తనే వెళ్ళి పూర్తిగా చూసింది అని రాశారు చూడండి, నాకు ఈ మొత్తంలో ముఖ్యమైన మాట అదే.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా బంకమట్టి బొమ్మలతో చిన్న చిన్న ప్రకటనలు చేస్తున్నాను, ఈ స్టూడియో సినిమాలు నాకు పాఠ్యపుస్తకాల్లాంటివి. లైకా అమెరికాలో ఆరిగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటుంది. అంతకుముందు పోర్ట్‌లాండ్‌లో విల్ వింటన్ అనే ఆయన స్టూడియో ఉండేది, మట్టి బొమ్మల యానిమేషన్‌కి 'క్లేమేషన్' అనే పేరు ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. అది డబ్బు ఇబ్బందుల్లో పడితే నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు, 2005లో లైకా అయింది. 1957లో రష్యా వాళ్ళు అంతరిక్షంలోకి పంపిన కుక్క పేరే పెట్టుకున్నారు. ఆయన కొడుకు ట్రావిస్ నైట్ ఆ పాత స్టూడియోలోనే యానిమేటర్‌గా పని నేర్చుకున్న మనిషి, ఇప్పుడు నడిపేది ఆయనే.

ఇప్పటిదాకా విడుదల చేసినవి ఐదు. కొరలైన్ 2009, పారానార్మన్ 2012, ది బాక్స్‌ట్రోల్స్ 2014, కూబో అండ్ ది టూ స్ట్రింగ్స్ 2016, మిస్సింగ్ లింక్ 2019. ఐదుకి ఐదూ ఉత్తమ యానిమేషన్ చిత్రం విభాగంలో ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి. ఒక్కదానికీ ఆ అవార్డు రాలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

భయం సంగతి రాత్రికి రాస్తాను, షూటింగ్ మధ్యలో ఉన్నాను.

నిమ్మతోట

నేను సూటిగానే చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాలలో చిన్న క్లాసులకి చెబుతున్నాను. ఆరేడేళ్ళ పిల్లలు రాత్రి చూసినదాన్ని పొద్దున్న బడికి మోసుకొస్తారు. పలక మీద గీస్తారు, పక్క పిల్లని దానితో భయపెడతారు, కొందరు ఒంటరిగా బాత్‌రూమ్‌కి వెళ్ళడం మానేస్తారు. అమ్మ రూపంలో ఉన్నదే రాక్షసి అయితే ఆ పిల్ల ఇంక ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? దయ్యం వేరు, అమ్మ ముఖం వేసుకున్న దయ్యం వేరు. బొమ్మల సినిమా అనే పేరు చూసి పెద్దవాళ్ళు పక్కన లేకుండా వదిలేస్తున్నారు, సన్నజాజి గారిని తప్పు పట్టడం కాదు, మా ఇంట్లోనూ జరుగుతుంది. ఆ సినిమాకి అమెరికాలో ఇచ్చిన పీజీ సర్టిఫికెట్‌కి అర్థమే పెద్దవాళ్ళు చూసుకోవాలి అని.

అనంత_మేఘం

నిమ్మతోట గారి మాటలో న్యాయం ఉంది. కానీ ఒక మాట. మాది అనంతపురం వైపు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్ళ ఊరని మీలో చాలామందికి తెలుసు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కూడా. నా చిన్నప్పుడు మా ఊళ్ళో రాత్రి తెర కట్టి ఆట ఆడితే మేం చాప మీద ముందు వరసలో ఉండేవాళ్ళం. తెర వెనక దీపం, మేక తోలుతో చేసి రంగులు అద్దిన బొమ్మ, చేతులు దారంతో కట్టి ఉంటాయి కాబట్టి విడివిడిగా ఊగుతాయి. రావణుడి పది తలలు తెర మీదికి వచ్చినప్పుడు నేను మా అవ్వ కొంగులో దూరేవాణ్ణి. తర్వాత కేతిగాడు వచ్చి కోతి చేష్టలు చేస్తే మళ్ళీ బయటికి వచ్చేవాణ్ణి. మా అవ్వ ఎప్పుడూ కళ్ళు మూయలేదు, ఇంటికి పోదాం అనలేదు, కొంగు మాత్రం ఇచ్చేది.

బాలనాగమ్మ కథ మనం పిల్లలకి చెప్పలేదా? పసిబిడ్డ ఉన్న తల్లిని మాయల ఫకీరు ఎత్తుకుపోవడం, వాడి ప్రాణం ఎక్కడో చిలకలో ఉండటం, ఆ బిడ్డ పెద్దవాడై వెతుక్కుంటూ వెళ్ళడం. కొరలైన్ కూడా అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ వెళ్ళే పిల్ల కథే కదా. భయం కథలో మొదటి నుంచీ ఉంది, పక్కన కొంగు పట్టుకునే మనిషి ఉన్నారా లేదా అన్నదే నాకు లెక్క.

మైనంముద్ద

మేఘం అన్నా, కొంగు మాట భలే చెప్పావు.

సరే, పొద్దున్న వదిలేసింది రాస్తున్నాను. కథ చివరిదాకా చెప్పేస్తాను, చూడాలనుకున్న వాళ్ళు దీన్ని దాటేయండి.

కొరలైన్ దర్శకుడు హెన్రీ సెలిక్. నీల్ గైమన్ రాసిన నవల ఇంగ్లండ్‌లో జరుగుతుంది, సెలిక్ దాన్ని ఆరిగాన్‌కి తెచ్చాడు. ఆయన ఒకే ఇంటిని రెండుసార్లు కట్టించాడు. అసలు ఇంటి గదులు లోతు తక్కువగా, ఇరుకుగా, నేల కాస్త వాలుగా, రంగు వెలిసిన బూడిద రంగులో ఉంటాయి. తలుపు అవతలి ఇల్లు అదే పొందికతో లోతుగా, విశాలంగా, రంగులతో ఉంటుంది. అందుకే పిల్ల అక్కడికి వెళ్ళగానే మనకి ఊపిరి ఆడినట్టు అనిపిస్తుంది, ఎందుకో తెలియదు. స్టాప్‌మోషన్ సినిమాని, అంటే బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫోటో తీసి చేసే సినిమాని, మొత్తం త్రీడీలో తీయడం అదే మొదలు, ఆ త్రీడీని కళ్ళ మీదికి వస్తువులు విసరడానికి కాకుండా ఈ ఇరుకు, విశాలం తేడా చూపించడానికి వాడాడు. తర్వాత ఆ మంచి ఇల్లే కుళ్ళిపోవడం మొదలవుతుంది. అవతలి నాన్న మెత్తబడి గుమ్మడికాయలా కూలిపోతాడు. నోరు విప్పని స్నేహితుడి మూతిని నవ్వుతున్నట్టు కుట్టేస్తుంది ఆవిడ. అవును, చాలా భయంకరం, నేను కాదనను.

కానీ నిమ్మతోట గారూ, మీరు అడిగారే, ఆ పిల్ల ఎవరి దగ్గరికి పరిగెత్తాలి అని. సినిమా మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది. మొదట్లో దుకాణంలో కొరలైన్ రంగురంగుల చేతి తొడుగులు అడుగుతుంది, అమ్మ కొనదు, డబ్బుల టెన్షన్‌లో ఉంటుంది. అవతలి అమ్మ అడక్కుండానే అన్నీ ఇస్తుంది. చివర్లో అంతా అయిపోయాక కొరలైన్ మంచం మీద ఆ తొడుగులు ఉంటాయి. అసలు అమ్మ కొనిచ్చింది. ఏ మాటా ఉండదు అక్కడ. సన్నజాజి గారూ, మీ పాపని ఆ తొడుగుల గురించి ఒకసారి అడిగి చూడండి, గమనించే ఉంటుంది.

హిల్స్‌బరో_వాన

ఈ చర్చ ఇంత ఆలస్యంగా చూశానేంటి! నేను ఉండేది హిల్స్‌బరోలోనే. ఇక్కడ ఇంటెల్ చిప్పుల కంపెనీ వల్ల మనవాళ్ళు చాలామంది ఉన్నారు, బీవర్టన్, హిల్స్‌బరో రెండు ఊళ్ళల్లోనూ కూరగాయల దుకాణానికి వెళ్తే తెలుగు వినపడుతుంది. మేం చిప్పుల్లో వెంట్రుక కంటే సన్నని గీతల గురించి తలలు బద్దలు కొట్టుకుంటుంటే, అదే ఊళ్ళో తయారయ్యే బొమ్మలకి మనుషులు వెంట్రుకంత సన్నని సూదులతో స్వెటర్ అల్లుతారని నాకు చాలా ఏళ్ళు తెలియదు. అక్షరాలా నిజం ఇది. కొరలైన్ వేసుకునే బుల్లి స్వెటర్ అల్లింది ఆల్తియా క్రోమ్ అనే కళాకారిణి.

2017 చివర్లో పోర్ట్‌లాండ్ ఆర్ట్ మ్యూజియంలో లైకా సినిమాల మీద పెద్ద ప్రదర్శన పెట్టారు, మరుసటి ఏడు వేసవి ముందు దాకా ఉంది. మేం రెండుసార్లు వెళ్ళాం. కూబో సినిమాలో ఎర్రగా మండే కళ్ళతో ఒక అస్థిపంజరం వస్తుంది గుర్తుందా? అది కంప్యూటర్‌లో గీసింది అనుకున్నాను. నిజంగా కట్టారు! దాదాపు 16 అడుగులు, 400 పౌండ్ల బరువు. దాని ముందు నిలబడితే మెడ ఎత్తి చూడాలి. పక్కనే కూబో బొమ్మ జానెడుంటుంది. ఆ పెద్దదాన్నీ కొంచెం కొంచెం కదుపుతూ, ఒక్కో కదలికకి ఒక్కో ఫోటో తీస్తూ పోయారు.

మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. సినిమాలో ఆ అస్థిపంజరం రాగానే ముఖం తిప్పుకున్నవాడు, మ్యూజియంలో దాని వెనక్కి వెళ్ళి ఇనుప చట్రం, తీగలు చూసి, నాన్నా దీన్ని మనుషులే చేశారు అన్నాడు. ఇంటికొచ్చి మళ్ళీ సినిమా పెట్టమన్నాడు. అందుకని నా అనుభవంలో, పిల్లలు భయపడితే ఆ బొమ్మల్ని ఎలా చేశారో చూపించే వీడియోలు ముందు చూపించండి. చాలావాటిలో సినిమా చివరి పేర్లు పడేటప్పుడు కూడా ఒక ముక్క ఉంటుంది, బాక్స్‌ట్రోల్స్ చివర్లో అయితే బొమ్మలు మాట్లాడుకుంటుంటే యానిమేటర్ వేగంగా కదులుతూ వాటిని జరుపుతూ కనిపిస్తాడు.

మెదక్_బాటసారి

నాకు వీటిలో పారానార్మన్ అన్నిటికంటే దగ్గర. ఎవరూ దాని గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నా.

నార్మన్ అనే అబ్బాయికి చనిపోయినవాళ్ళు కనిపిస్తారు, చనిపోయిన నానమ్మతో సోఫాలో కూర్చుని టీవీ చూస్తాడు, ఇంట్లో ఎవరూ నమ్మరు. ఆ ఊరు మూడువందల ఏళ్ళ కిందట ఒక మంత్రగత్తెని చంపిందని గొప్పగా చెప్పుకుంటుంది, ఆ పేరు మీద దుకాణాలు నడుస్తుంటాయి. సమాధుల్లోంచి శవాలు లేస్తాయి, అందరూ పరిగెత్తుతారు. అసలు సంగతి ఏంటంటే, ఆ లేచిన శవాలు అప్పట్లో ఆమెకి శిక్ష వేసిన పెద్దమనుషులు. ఆ మంత్రగత్తె నార్మన్ ఈడు చిన్న పిల్ల. వీడిలాగే ఆమెకీ చనిపోయినవాళ్ళు కనపడేవాళ్ళు, అంతే ఆమె తప్పు. ఆమె కోపం చల్లారడానికి ఏటా సమాధి దగ్గర ఎవరో ఒకరు నిద్రపుచ్చే కథ చదువుతూ వస్తున్నారు. నార్మన్ ఆ పుస్తకం పక్కన పెట్టి, ఆమె కథ ఆమెకే చెబుతాడు.

మా వైపు బాణామతి అనే మాట వింటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చేతబడి చేసిందని, బాణామతి చేశాడని అనుమానంతో మనుషుల్ని కట్టేసి కొట్టిన వార్తలు, ప్రాణాలు తీసిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. నా చిన్నతనంలో మా వీధి చివర ఒక ముసలామె ఉండేది, ఆమె ఇంటి ముందు నుంచి పోవద్దని మా పెద్దవాళ్ళే చెప్పేవాళ్ళు. ఆమె చనిపోయేదాకా నేను ఒక్కసారి కూడా ఆమెతో మాట్లాడలేదు. పారానార్మన్ చూసిన రాత్రి ఆమె గుర్తొచ్చింది. నా బిడ్డకి పదేళ్ళు, కూర్చోబెట్టి చూపించాను, చూపించాక ఆ ముసలామె సంగతి చెప్పాను. నాన్నా మీరెందుకు మాట్లాడలేదు అని అడిగింది. భయపడ్డాను అని చెప్పాను.

ఇది దర్శకులు క్రిస్ బట్లర్, శామ్ ఫెల్ కలిసి తీసిన సినిమా. ఎనిమిదేళ్ళకి ఆ శవాలతో కొంచెం కష్టమే, పదికి పర్వాలేదు.

లెక్కల_మాస్టారు

అందరూ కళ గురించి మాట్లాడుతున్నారు, నేను డబ్బు లెక్క చెబుతాను, ఎందుకంటే ఈ స్టూడియో ఎంతకాలం ఉంటుందో నాకు దిగులుగా ఉంటుంది. కొరలైన్ మొదటి విడుదలలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 12.4 కోట్ల డాలర్లు తెచ్చింది. పారానార్మన్, బాక్స్‌ట్రోల్స్ పదకొండు కోట్ల లోపు. ఒక్కోదానికి ఖర్చు దాదాపు ఆరు కోట్లు, థియేటర్ల వాటా తీసేస్తే మిగిలేది పెద్దగా ఉండదు. కూబో ఎనిమిది కోట్లకి చేరలేదు. మిస్సింగ్ లింక్‌కి ఖర్చు దాదాపు పది కోట్లు, వచ్చింది రెండున్నర కోట్ల పైచిలుకు. దానికే 2020 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, చూడండి విచిత్రం.

మిస్సింగ్ లింక్ ఈ ఐదింటిలోనూ భయం అతి తక్కువ ఉన్న సినిమా. వెలుగు, ప్రయాణం, హాస్యం, ఊలు కోటులాంటి ఒళ్ళున్న పెద్ద జీవి. అంటే చీకటి తగ్గిస్తే జనం వస్తారన్న మాట నిలబడలేదు. అదే కొరలైన్‌ని 2024 ఆగస్టులో పదిహేనేళ్ళ సందర్భంగా మళ్ళీ థియేటర్లలో వేస్తే ఐదు కోట్ల డాలర్లు దాటింది! పాత సినిమా, ఇంట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే సినిమా. అప్పట్లో గుండీ కళ్ళకి భయపడిన పిల్లలే ఇప్పుడు పెద్దవాళ్ళై టికెట్ కొనుక్కుని వెళ్ళారని నా నమ్మకం.

నిమ్మతోట

మాస్టారూ, డబ్బు రావడం పిల్లలకి మంచిదనడానికి రుజువు కాదు కదా. మెదక్ గారు చెప్పింది మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ఆయన పక్కన కూర్చుని చూపించారు, తర్వాత మాట్లాడారు. అలా చేసే ఇల్లు ఎన్ని? నా అభ్యంతరం సినిమా మీద కంటే రిమోట్ పిల్ల చేతికి ఇచ్చి వెళ్ళిపోవడం మీద. ఏడేళ్ళ లోపు వాళ్ళకి వద్దు అనే మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. బాక్స్‌ట్రోల్స్ చూశాను నిన్న. పెట్టెలు తొడుక్కునే ఆ జీవులు ఎంత ముద్దుగా ఉన్నాయో, ఆ శ్నాచర్ అనేవాడు జున్ను (చీజ్) పడక ముఖమంతా ఉబ్బిపోయి కూడా పెద్దమనుషుల సరసన కూర్చోవాలని ఆ జున్నే తినడం అంత అసహ్యంగా ఉంది. అయినా వాడి మీద జాలి వేసింది. చిన్న పిల్లకి ఆ జాలి అర్థం కాదు, ఉబ్బిన ముఖం ఒక్కటే గుర్తుంటుంది.

రెండుతీగలు

నేను ఈ వేదికలో చదవడమే తప్ప రాయను. కూబో గురించి ఒక్కటి చెప్పి వెళ్తాను.

మా అమ్మకి మతిమరుపు జబ్బు వచ్చి మూడేళ్ళు మా దగ్గరే ఉంది. పొద్దున పూట కిటికీలోంచి చూస్తూ కూర్చునేది, ఎవరు పిలిచినా పలికేది కాదు. కొన్ని సాయంత్రాలు ఉన్నట్టుండి మామూలు మనిషి అయ్యేది, నా పేరు పెట్టి పిలిచేది, మా బాబుకి కథ చెప్పేది, కథ సగంలో పోగొట్టుకునేది. ఆమె పోయిన ఏడాదికి, మా బాబుకి తొమ్మిదేళ్ళప్పుడు, కూబో పెట్టాం. ఏమీ తెలియకుండానే పెట్టాను. మొదటి పావుగంటలోనే, గుహలో ఆ పిల్లవాడు పొద్దున్నే తల్లికి అన్నం తినిపిస్తాడు, ఆమె చూపు ఎక్కడో ఉంటుంది. చీకటి పడగానే ఆమెకి స్పృహ వస్తుంది, వాళ్ళ నాన్న కథ చెబుతుంది, కథ మధ్యలో మర్చిపోతుంది. మా బాబు నా వైపు తిరిగి, నాన్నా మన నానమ్మ అన్నాడు.

ఆపేయనా అని అడిగాను. వద్దన్నాడు.

చివర్లో ఊరివాళ్ళు చనిపోయినవాళ్ళ కోసం నది మీద దీపాలు వదులుతారు, జపాన్‌లో ఆచారం అది. మనకి కార్తీకమాసంలో దీపాలు వదలడం ఉంది కాబట్టి వాడికి విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ సినిమాలో ఆత్మలు, కన్ను పీకే తాత, ముసుగులు వేసుకుని గాల్లో తేలే పెద్దమ్మలు ఉన్నారు. వాటికి వాడు భయపడ్డాడు, అది నిజం. కానీ మా ఇంట్లో మూడేళ్ళు జరిగినదాని గురించి వాడు నాతో మాట్లాడింది ఆ రాత్రే మొదటిసారి.

హిల్స్‌బరో_వాన

రెండుతీగలు గారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. రాసినందుకు చాలా థాంక్స్ అండీ.

సన్నజాజి_గుంటూరు

అందరి మాటలూ చదివాను, రెండుతీగలు గారివి రెండుసార్లు. నిమ్మతోట గారూ, మీరు చెప్పింది నాకు తగలాల్సిన చోటే తగిలింది, తప్పుగా అనుకోలేదు.

మైనంముద్ద గారు చెప్పినట్టు మొన్న ఒక రాత్రి పక్కన పడుకున్నప్పుడు తొడుగుల గురించి అడిగాను. గమనించిందట! "వాళ్ళమ్మ మర్చిపోలేదమ్మా, అప్పుడు డబ్బుల్లేక కొనలేదు" అంది. తర్వాత ఆమె చెప్పిన ఇంకో మాటకి నాకు ఆశ్చర్యం వేసింది. అవతలి అమ్మ భయంగా ఉన్నది గుండీల వల్ల కాదట, "మొదట్లో చాలా మంచిగా ఉంది కదా, అందుకు" అంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇది ఎలా అర్థమైంది!

ఆదివారం మళ్ళీ చూద్దాం, నువ్వు నా పక్కనే ఉండాలి, ఫోన్ వంటింట్లో పెట్టాలి అని షరతు పెట్టింది. చూశాం. సూది దారం సీన్‌లో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, బావి సీన్‌లో వదిలేసింది. దిండు ఇంకా బీరువాలోనే ఉంది, నేను అడగలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, మైనంముద్ద గారికి. హిల్స్‌బరో గారు చెప్పిన వీడియోలు చూపించాక తనూ చేస్తానంటోంది. అటక మీద సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె ఉంది, అందులో పాత కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టింది. ఫోన్‌తో తీస్తే బొమ్మ కదులుతోంది కానీ వెలుతురు మిణుకుమిణుకుమంటూ ఉంది. ఏం చెయ్యాలి?

మైనంముద్ద

చాలా సంతోషంగా ఉందండీ! ఇది చదివి మా కుర్రాళ్ళకి కూడా చూపించాను.

ముందు కొండపల్లి బొమ్మల సంగతి. తెల్లపొణికి కర్రతో చేసినవి, కీళ్ళు ఉండవు, కాబట్టి మొత్తం బొమ్మని జరపడమో తిప్పడమో తప్ప చెయ్యి ఎత్తించలేం, బలవంతంగా తిప్పితే అతికించిన చెయ్యి ఊడొస్తుంది, పాతవి అంటున్నారు కాబట్టి జాగ్రత్త. చెయ్యి ఎత్తే బొమ్మ కావాలంటే సన్నని అల్యూమినియం తీగ రెండు పేటలుగా మెలిపెట్టి మనిషి ఆకారం చేసి దాని మీద పిల్లలు ఆడుకునే ఆరిపోని బంకమట్టి పొదగండి. లైకా బొమ్మల లోపల ఉండేది ఉక్కు కీళ్ళ చట్రం, పైన సిలికాన్ చర్మం, కొరలైన్ బొమ్మ తొమ్మిది అంగుళాల పైచిలుకు. ముఖాలు మాత్రం త్రీడీ ప్రింటర్‌లో వేలకొద్దీ ముద్రించి, నుదురు భాగం ఒకటి, నోటి భాగం ఒకటి, అయస్కాంతంతో అతికించి ఫోటో ఫోటోకి మారుస్తారు. కళ్ళ దగ్గర కనిపించే అతుకు గీతని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు. కొరలైన్ అప్పుడు ముద్రించిన ముఖాలకి చేత్తో రంగులు వేశారు, పారానార్మన్ వచ్చేసరికి రంగుతో సహా ముద్రించడం నేర్చుకున్నారు. పాపకి నేను చెప్పే చవక పద్ధతి, కాగితం మీద నాలుగైదు నోళ్ళు గీసి కత్తిరించి మట్టి ముఖం మీద మార్చుతూ పోవడం. పని అదే.

ఇక మిణుకు. మూడు కారణాలు. కిటికీ వెలుతురు నిమిష నిమిషానికి మారుతుంది, కాబట్టి తెరలు పూర్తిగా వేసి ఒక్క టేబుల్ లైటుతో తియ్యండి. ఫోన్ తనంతట తనే వెలుతురు, ఫోకస్ సరిచేసుకుంటూ ఉంటుంది, తెర మీద వేలు అలా నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో అవి లాక్ అవుతాయి. ఫోన్ కదలకుండా పుస్తకాల మధ్య ఇరికించండి. మూడోది ఎవరికీ తట్టదు, పాప తెల్ల గౌను వేసుకుని వంగి బొమ్మని జరిపితే ఆ తెలుపు బొమ్మ మీద ప్రతిఫలిస్తుంది. మేమందరం పనిలో ముదురు రంగు బట్టలే వేసుకుంటాం.

సినిమాకి సెకనుకి 24 ఫోటోలు. తనకి 12 చాలు, ఒక్కో ఫోటోని రెండుసార్లు వాడతాం. తొందర పడొద్దని చెప్పండి. ఆ స్టూడియోలోనే ఒక్కో యానిమేటర్ వారానికి నాలుగైదు సెకన్లు పూర్తి చేస్తే మంచి వారం కింద లెక్క.

అనంత_మేఘం

పాప తీసింది ఇక్కడ పెట్టాలి అమ్మా, మేమందరం చూస్తాం. నేనూ ఈ వారం కూబో చూస్తున్నా, మా అవ్వ ఉంటే పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి.

లెక్కల_మాస్టారు

తర్వాత వచ్చేది వైల్డ్‌వుడ్. పోర్ట్‌లాండ్ పక్క అడవిలోకి కాకులు ఒక చంటిబిడ్డని ఎత్తుకుపోతే అక్క వెతుక్కుంటూ వెళ్తుంది, కాలిన్ మెలోయ్ నవల. అది వచ్చినప్పుడు మాత్రం దయచేసి థియేటర్‌లోనే చూడండి, నా విన్నపం అదొక్కటే.

నిమ్మతోట

సన్నజాజి గారూ, మా క్లాసులో పిల్లలకి ఆ బంకమట్టి, తీగ సంగతి చెప్పాను, ఎంత సరదా పడ్డారో. మైనంముద్ద గారూ, ఆ తీగ ఎంత మందం తీసుకోవాలి? పిల్లల వేళ్ళకి గుచ్చుకోకుండా చివర్లు ఎలా మడవాలి?

మైనంముద్ద

ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు అండీ, నిమ్మతోట గారూ. హార్డ్‌వేర్ దుకాణంలో అల్యూమినియం తీగ అంటే ఇస్తారు, ఇనుప తీగ వద్దు, గట్టిగా ఉంటుంది, పిల్లల వేళ్ళకి వంగదు. చివర్లు సన్నని ముక్కున్న ప్లేయరుతో లోపలికి చుట్టి, పైన బట్ట టేపు రెండు చుట్లు వేయండి. పాదాల దగ్గర చుట్ట కాస్త వెడల్పుగా చేస్తే బొమ్మ నిలబడుతుంది.

సన్నజాజి_గుంటూరు

తెరలు వేశాం. నా నల్ల చున్నీ ఒంటికి చుట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం నుంచి 46 ఫోటోలు అయ్యాయి, మట్టి అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి సగం ఎత్తింది. కళ్ళకి ఏం పెడతావ్ అని అడిగితే, బీరువా తాళం ఇవ్వమంది. దిండుకున్న నాలుగు గుండీల్లో రెండు కోసి ఇచ్చాను.

లైటు వేడికి మట్టి మెత్తబడుతోంది, లైటు ఎంత దూరంలో పెట్టాలో చెప్పండి, రేపు పొద్దున్నే మళ్ళీ మొదలుపెడతానంటోంది.